సూది ఇంటికొచ్చింది, జవాబు రాలేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మా వైపు ఇప్పుడు నలభై యాభై ఏళ్ల మనిషి ఉన్నట్టుండి పోతే, చావుకాడ కూర్చున్న నలుగురిలో ఒకరు తప్పకుండా అనే మాట ఒకటుంది. "అంతా ఆ కరోనా సూది వల్లనే." మిగతా ముగ్గురు తల ఊపుతారు. అంతటితో కారణం తేలిపోయినట్టే. పోయిన మనిషికి బీపీ ఉందా, షుగర్ ఉందా, ఛాతీలో మంట అని ఎన్నాళ్ల నుంచి అంటున్నాడు, ఇవి ఎవరూ అడగరు. ఈ మధ్య మీ పేపర్లో ఒక పెద్దాయన రాసిన వ్యాసంలో "పల్లె జనానికి టీకాల మీద అవగాహన లేదు" అన్న మాట చూశాను. పెద్దాయన మీద నాకేం కోపం లేదు గానీ, ఆ మాట మాత్రం గుచ్చుకుంది. అవగాహన లేదు, అవగాహన లేదు అని అందరూ అంటారు, అది ఎవరు తెచ్చి ఇవ్వాలో మాత్రం ఎవరూ రాయరు. అందుకే ఈ ఉత్తరం. పొడుగైతే కోసుకోండి, కానీ మధ్యలో బూస్టర్, అంటే మూడో డోసు సంగతి మాత్రం కోయకండి.

నాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం. జిరాక్స్, ఆన్‌లైన్ పనుల షాపు. పాన్ కార్డులు, కులం సర్టిఫికెట్ దరఖాస్తులు, హాల్ టికెట్లు, అప్పుడప్పుడు పెళ్లి కార్డులు. డాక్టర్‌ని కాదు, పదో తరగతిలో సైన్స్‌కి 46 మార్కులు వచ్చినవాణ్ని. కానీ 2021, 2022లో మా చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు ఏ సూది ఎప్పుడు వేయించుకున్నారో నాకు తెలిసినంత చాలామందికి తెలియదు. ఎందుకంటే టీకాల సర్కారు సైట్ కోవిన్‌లో పేర్లు ఎక్కించింది నేను, ఓటీపీ వచ్చింది నా ఫోన్‌కి, సర్టిఫికెట్ ప్రింట్ తీసింది నా మిషన్ మీద. ఒక ఫోన్ నంబర్ మీద నలుగురినే ఎక్కించొచ్చు, తర్వాత 2022 జనవరిలో దాన్ని ఆరుకు పెంచారు. ఫోన్ లేని ముసలివాళ్లు, కొడుకులు హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు, ఫోన్ ఉన్నా రీచార్జ్ లేనివాళ్లు, వీళ్లందరికీ నా నంబర్, మా ఆవిడ నంబర్, మా తమ్ముడి నంబర్, అవి అయిపోయాక పక్కన హోటల్ అన్న నంబర్. ఎవరి పేరు ఏ నంబర్ మీద ఉందో మరిచిపోతానని ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాను. మూడు వందల పైచిలుకు పేర్లున్నాయి అందులో. ఆ పుస్తకం చూసుకుంటూనే ఇది రాస్తున్నాను.

మొదట్లో జనం భయపడ్డారన్నది నిజమే, ఎందుకు దాచాలి. 2021 జనవరి 16న దేశంలో టీకా మొదలైనప్పుడు ముందు ఆస్పత్రి సిబ్బందికి, తర్వాత పోలీసులు, పారిశుధ్య కార్మికులకు, మార్చి 1 నుంచి అరవై దాటినవాళ్లకు, ఏప్రిల్ 1 నుంచి నలభై అయిదు దాటిన అందరికీ. ఆ ఏప్రిల్‌లో మా దగ్గర జరిగిన విచిత్రం ఏమిటంటే, ఊరివాళ్లు "ఇంకొన్నాళ్లు చూద్దాం" అని ఇంట్లో కూర్చుంటే హైదరాబాద్ నుంచి కార్లలో వచ్చి వేయించుకుని పోయారు. సిటీలో స్లాట్లు దొరకక ఫోన్‌లో మా వైపు సెంటర్లు బుక్ చేసుకున్నారట. ఒకాయన నా షాపు ముందే కారాపి దారి అడిగాడు. మా నాన్న చూసి, "పైసలున్నోళ్లు ఇంత దూరమొచ్చి ఏసుకుంటుర్రంటే అండ్ల ఏదో ఉన్నట్టే గదరా" అని ఆ మర్నాడే లైన్లో నిలబడ్డాడు. ఏ పోస్టరూ చేయని పని ఆ కారు చేసింది.

మే నెలలో అదే జనం సూది కోసం తిరిగితే సూది లేదు. కరోనా రెండో అల అప్పుడే విరుచుకుపడింది, చావు కబురు లేని రోజు లేదు. కోవిషీల్డ్ టీకా రెండు డోసుల మధ్య గడువు మొదట నాలుగు నుంచి ఆరు వారాలు అన్నారు, మార్చిలో ఆరు నుంచి ఎనిమిది అన్నారు, మే 13న పన్నెండు నుంచి పదహారు అన్నారు. దాని వెనక లెక్క ఉందట, గడువు ఎక్కువైతే పనితనం పెరుగుతుందని పరిశోధనల్లో తేలిందట. ఆ ముక్క నాకు యూట్యూబ్‌లో దొరికింది, మా ఊరివాళ్లకు ఎక్కడ దొరుకుతుంది? వాళ్లకు తెలిసింది ఒక్కటే, ఆరు వారాలకు రమ్మని చిట్టీ మీద రాసి ఇచ్చారు, పోతే "ఇప్పుడు కాదు పో" అన్నారు. "మందు లేక మాట మార్చిర్రు" అని తేల్చేశారు. నేను చెప్పబోతే, "నువ్వు సర్కారోని లెక్క మాట్లాడకు తమ్మీ" అన్నారు.

తర్వాత మాత్రం పని బాగా జరిగింది, అది చెప్పకపోతే పాపం. ఆ ఏడు రెండో సగంలో మా ఏఎన్‌ఎం సిస్టర్లు, ఆశ అక్కలు చేసిన చాకిరి నేను కళ్లారా చూశాను. నీలం రంగు క్యారియర్‌లో ఐస్ ప్యాకులు సర్దుకుని, మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్యలో ఉండాలి గనక ఎండలో పెట్టకుండా, పత్తి చేన్లకే వచ్చారు. పత్తి ఏరుతున్న ఆడవాళ్లను ఒడ్డు మీద కూర్చోబెట్టి వేశారు. బడి వరండాలో, పంచాయతీ ఆఫీసులో, తండాలో అయితే గుడి ముందర వేపచెట్టు కింద. తండాలో ఉన్న ఆశ అక్క లంబాడీ మాటల్లో చెబితే ఒక్క పూటలో యాభై మంది వచ్చారు, అంతకుముందు తెలుగు మైకు రెండుసార్లు తిరిగి పోతే పదిమంది కూడా రాలేదు. సీసాకు పది డోసులు, పదిమంది పోగైతేనే సీసా తెరుస్తామనేవారు, తెరిచాక గంటల్లోనే వాడేయాలి గనక. ఎనిమిది మంది ఉండి ఇద్దరు తక్కువైతే ఆ అక్క ఇల్లిల్లు తిరిగి ఇద్దరిని పట్టుకొచ్చేది. ఆ పదో మనిషి కోసం తిరిగిన తిరుగుడు ఏ లెక్కలోకీ ఎక్కి ఉండదు.

అక్టోబర్‌లో ఒక పుకారు కూడా పనిచేసింది. సూది వేయించుకోకపోతే నవంబర్ నుంచి రేషన్, పింఛన్ ఆపుతారని ఫోన్లలో తిరిగింది, ఆ తర్వాత అది అబద్ధమని అధికారులే చెప్పారు. ఆ మాట వచ్చేలోపే నా షాపు ముందు లైను కట్టింది. నవ్వొచ్చింది అప్పుడు. ఇప్పుడు తలచుకుంటే నవ్వు రావడం లేదు, ఎందుకంటే భయపెట్టి వేయించుకున్న సూది మీద అనుమానం పోదు, లోపల అట్లాగే ఉంటుంది. ఇంకొందరు పని కోసం వేయించుకున్నారు. ఆ ఆగస్టు 15 నుంచి ముంబైలో రెండు డోసులు పూర్తయినవాళ్లనే లోకల్ రైలు ఎక్కనిచ్చారు గదా, ముంబై దగ్గరి భీవండికి మగ్గం పనికి తిరిగి పోవాలనుకున్నవాళ్లు, పాలమూరు నుంచి ముంబై పోయే కూలీలు సర్టిఫికెట్‌ను ప్లాస్టిక్ కవర్‌లో పెట్టించుకుని రేషన్ కార్డుకన్నా జాగ్రత్తగా దాచుకున్నారు. లామినేషన్‌కు ముప్పై రూపాయలు తీసుకున్నాను, అది నా బతుకుదెరువు.

ఇక నాకు మింగుడుపడని సంగతి. డిసెంబర్‌లో ఒకరోజు నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, ఫలానా వ్యక్తికి రెండో డోసు విజయవంతంగా పూర్తయింది అని. ఆ ఫలానా వ్యక్తి ఆ టైమ్‌లో నా ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు. మా ఇంటి పక్కవాడే, ఆటో నడుపుతాడు, వరసకు నాకు అన్న. "ఏసుకున్నవానె?" అంటే "యాడిదిరా, మొదటిదే జ్వరమొచ్చి మూడు దినాలు పన్న" అన్నాడు. నవ్వుకున్నాం. సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేస్తే రెండు డోసులూ ఉన్నాయి, బ్యాచ్ నంబర్‌తో సహా. ఎవరు చేశారో, ఏ ఒత్తిడిలో చేశారో నాకు తెలియదు, పేరు అడగొద్దు. అప్పుడు ప్రతి ఊరికీ వంద శాతం కావాలని పైనుంచి ఫోన్లు వస్తుండేవి, ఆ నెలాఖరుకే రాష్ట్రంలో మొదటి డోసు వంద శాతం అయిందని ప్రకటన కూడా వచ్చింది. ఆ అన్న లెక్క మాత్రం కాగితం మీద రెండు, ఒంటి మీద ఒకటి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను దీని దగ్గరకి.

బూస్టర్ దగ్గరకొద్దాం. సర్కారు భాషలో దాని పేరు ప్రికాషన్ డోసు. ఆ పేరు విన్నప్పుడే అనుకున్నాను ఇది ఊళ్లోకి రాదని. మా పెద్దమ్మ నోరు తిరగక "పర్కేషన్" అనేది, ఆపరేషన్ అనుకుని ఒకామె వారం రోజులు భయపడింది. 2022 జనవరి 10న మొదలైంది, ఆస్పత్రి సిబ్బందికి, ముందువరసలో పనిచేసేవాళ్లకు, అరవై దాటి వేరే జబ్బులున్నవాళ్లకు. మార్చి నుంచి అరవై దాటిన అందరికీ. ఏప్రిల్ 10 నుంచి పద్దెనిమిది దాటినవాళ్లకు కూడా అన్నారు, కానీ ప్రైవేటు సెంటర్లలోనే, డబ్బులిచ్చి. టీకా 225 రూపాయలు, పైన సర్వీసు చార్జీ 150 దాకా. మా మండలంలో ప్రైవేటు సెంటర్ ఎక్కడిది? నల్గొండకో హైదరాబాద్‌కో పోవాలి. బస్సు చార్జీ, ఒక రోజు కూలి, అక్కడ తిండి, అన్నీ కలిపితే ఆ సూది ఎంతకు పడుతుందో లెక్క వేసుకోండి. ఆ ఏడు మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 257 రూపాయలు. రెండు డోసులు ఇంటికొచ్చి ఊరికే వేసి, మూడోదాన్ని పట్నంలో డబ్బులకు పెడితే జనానికి అర్థమైంది ఏమిటంటే, ఇది అవసరమైంది కాదు, ఉన్నోళ్లకు మాత్రమే. ఆ అర్థం తప్పని ఎవరూ వచ్చి చెప్పలేదు.

జూలైలో మళ్లీ మార్చారు. రెండో డోసుకు, దీనికి మధ్య తొమ్మిది నెలలు కాదు, ఆరు నెలలు చాలన్నారు. జూలై 15 నుంచి సెప్టెంబర్ 30 దాకా, డెబ్బై అయిదు రోజుల పేరుతో, పెద్దవాళ్లందరికీ ఊరికే. మంచిదే. నా ఫోన్‌కి మెసేజ్‌లు రావడం మొదలైంది, ఎవరి పేరు మీదో, మీ డోసు గడువు వచ్చింది అని. ఒక్కోరోజు పది. ఆ మెసేజ్ చేరాల్సిన మనిషి నాలుగు కిలోమీటర్ల అవతల పత్తిలో కలుపు తీస్తోంది, మెసేజ్ నా జేబులో మోగుతోంది. షాపుకు వచ్చినవాళ్లకు చెప్పాను, రానివాళ్లకు చెప్పలేకపోయాను. ఎంతమంది వేయించుకున్నారో నా పుస్తకంలో ఉంది. మొదటి రెండు డోసుల గడులన్నీ నిండి ఉన్నాయి, మూడో గడిలో పేజీకి ఇద్దరో ముగ్గురో.

ఆ డెబ్బై అయిదు రోజుల్లో మా దగ్గర ఏం జరిగిందో మీ పేపర్‌కు బాగా తెలుసు, రోజూ మొదటి పేజీలో వేశారు. ఆగస్టు 8న మా మునుగోడు ఎమ్మెల్యే రాజీనామా ఆమోదమై ఉప ఎన్నిక వచ్చిపడింది, ఇక మా మర్రిగూడ, నాంపల్లి, చండూరు, గట్టుప్పల్, నారాయణపూర్, చౌటుప్పల్, మునుగోడు, ఏ ఊరు చూసినా కార్లే. పొద్దున ఒక పార్టీ, సాయంత్రం ఒక పార్టీ. నాయకులొచ్చి మా ఇళ్ల అరుగుల మీద కూర్చుని మీ ఆరోగ్యం ఎట్లుంది అవ్వా అని అడిగారు, ఫొటోలు దిగారు. కోళ్లు తెగాయి, సీసాలు పారాయి, హైదరాబాద్, ముంబై, సూరత్ పోయిన మావాళ్లను వెతికి పట్టుకుని బండ్లు పెట్టి తెచ్చారు. నవంబర్ 3న పోలింగ్ 93 శాతం. ఇదే నియోజకవర్గం, ఇవే ఊళ్లు, ఇదే జనం. కావాలనుకుంటే పది ఊళ్ల అవతల ఉన్న ఓటరును కూడా ఇంటి గడప దగ్గరికి తేవచ్చని ఆ మూడు నెలల్లో చూశాం. ఆ కార్లలో ఒక్కదాంట్లో నీలం క్యారియర్ పెట్టినా అయిపోయేది గదా అని మా ఆశ అక్క అన్నది, ఆమె నవ్వుతూనే అన్నది లెండి.

ఒక మాట అడ్డంగా చెబుతాను, సంబంధం లేదనుకోవద్దు. మాది ఫ్లోరైడ్ నేల. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క, మా బోర్లలో అది ఎన్నోసార్లు ఎన్నో రెట్లు దాటింది. నడుములు వంగిపోయినవాళ్లు, పళ్లు పసుపు పచ్చబడ్డవాళ్లు లేని ఇల్లు లేదు. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' వాళ్లు "నల్గొండ టెక్నిక్" అని మా జిల్లా పేరే పెట్టారు, అది ప్రపంచమంతా పుస్తకాల్లో ఉంది. నా చిన్నప్పుడు మా ఊరికి ఎన్ని జీపులు వచ్చాయో. సీసాల్లో నీళ్లు పట్టుకుపోయారు, మా పళ్లు చూసి రాసుకుని పోయారు, మా తాతను నిలబెట్టి పక్క నుంచి ఒకటి, ముందు నుంచి ఒకటి ఫొటో తీసుకుపోయారు. మళ్లీ ఎవరూ వచ్చి "అయ్యా, నీ నీళ్లలో ఇంత ఉంది, నీ నడుముకు ఇది కారణం, ఈ బోరు నీళ్లు తాగకు" అని చెప్పలేదు. మిషన్ భగీరథ నల్లా వచ్చేదాకా అదే కథ. వచ్చినోళ్లు వాళ్లకు కావాల్సింది తీసుకుపోతారు, మనకు కావాల్సింది చెప్పరు. మావాళ్ల ఒంట్లో ఇది ఎముకల దాకా దిగి ఉంది. అట్లాంటి ఊళ్లో సూది వేసి, గోలీ ఇచ్చి, అరగంట కూర్చోబెట్టి పోయినవాళ్లు మళ్లీ రాకపోతే జనం ఏమనుకుంటారు?

ఇప్పుడు ఆ ఆటో అన్న దగ్గరకి వస్తాను. 2023లో ఒక రాత్రి ఛాతీలో మంట అన్నాడు. గ్యాస్ అనుకుని గోలీ వేసుకున్నాడు, ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే ఆయన కూడా గ్యాసే అన్నాడు, ఒక ఇంజెక్షన్ ఇచ్చి పడుకోమన్నాడు. తెల్లవారుజామున చెమటలు పట్టి, ఎడమ చెయ్యి గుంజుతోందని లేచాడు. ఆస్పత్రికి తీసుకుపోతుంటే దారిలోనే. నలభై రెండేళ్లు. ఇద్దరు ఆడపిల్లలు. రోజుకు రెండు కట్టల బీడీలు, అంతకు రెండేళ్ల ముందే ఎక్కడో బీపీ చూపించుకుంటే ఎక్కువుందని చెప్పారు, గోలీలు నెల రోజులు వేసుకుని మానేశాడు, ఇవన్నీ మా వదినకూ తెలుసు, నాకూ తెలుసు. మూడోనాడు పిట్టకు పెట్టడానికి పోయినప్పుడు ఒకాయన అననే అన్నాడు, "రెండు సూదులు ఏసుకున్నడు గదా, అవే తిన్నయి మనిషిని." నేను ఉండబట్టలేక, "లేదు బాబాయ్, ఒకటే వేసుకున్నడు, రెండోది ఉత్త మెసేజ్" అన్నాను. అప్పుడాయన నా మొహం చూసి అన్న మాట ఇప్పటికీ నిద్ర పట్టనివ్వదు. "ఏయని సూది ఏసినమని రాసుకున్నోళ్లు, ఏసిన సూదిల ఏమున్నదో నిజం చెప్తరా?"

నా దగ్గర జవాబు లేదు. మీ వ్యాసం రాసిన పెద్దాయన దగ్గర ఉంటే రాయమనండి. అవగాహన లేని ప్రశ్న కాదు అది.

నిజానికి చెప్పడానికి జవాబులు ఉన్నాయి, అదే నా బాధ. కోవిషీల్డ్ వల్ల అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య వస్తుందన్నది దాచిన రహస్యమేమీ కాదు. 2021 మేలోనే కేంద్ర ఆరోగ్య శాఖ ప్రకటించింది, అప్పటికి అట్లాంటివి 26 కేసులు ఉండొచ్చని, పది లక్షల డోసులకు 0.61 అని. అంతేకాదు, సూది వేసిన ఇరవై రోజుల్లో ఏం కనిపిస్తే పరుగెత్తాలో కూడా అందులోనే ఉంది: ఊపిరి ఆడకపోవడం, ఛాతీ నొప్పి, కాలో చెయ్యో వాయడం, సూది వేసిన చోటు కాక వేరే చోట చర్మం మీద ఎర్ర చుక్కలు, ఆగని కడుపు నొప్పి, విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం. ఆ కాగితం మా పంచాయతీ గోడ మీద నేను చూడలేదు. నేనే ప్రింట్ తీసి అంటించి ఉండాల్సింది, రెండు రూపాయల పని, నాకూ తెలియలేదు. మూడేళ్ల తర్వాత, 2024లో పార్లమెంటు ఎన్నికల టైమ్‌లో, లండన్ కోర్టులో కోవిషీల్డ్ అసలు కంపెనీ ఆస్ట్రాజెనెకా ఈ సంగతే ఒప్పుకుందని వార్త రాగానే వాట్సాప్ గ్రూపులు మండిపోయాయి. "చూసినవా, ఒప్పుకున్నరు" అని నా షాపుకే వచ్చి ఫోన్ చూపించారు. మూడేళ్ల ముందే సర్కారు చెప్పిన ముక్క అది, చెప్పాల్సిన చోట చెప్పకపోయేసరికి నేరం బయటపడ్డట్టు అయింది. ఆ గడ్డకట్టే సమస్య చాలావరకు మొదటి డోసు పడిన నెల, నెలన్నర లోపలే బయటపడుతుంది. రెండేళ్ల తర్వాత రాత్రి పూట ఛాతీ పట్టుకుని పోయిన మనిషికి దాన్ని అంటగట్టడం కుదరదు. ఈ ఒక్క తేడా చెప్పేవాళ్లు ఉంటే ఎంత బాగుండేది.

గుండెపోట్ల సంగతి కూడా అంతే. వైద్య పరిశోధన చేసే కేంద్ర సర్కారు సంస్థ ఐసీఎంఆర్ వాళ్లు దేశంలో 47 పెద్దాస్పత్రుల నుంచి వివరాలు తీసుకుని, 18 నుంచి 45 ఏళ్ల మధ్య బాగానే ఉండి హఠాత్తుగా చనిపోయినవాళ్ల మీద పరిశోధన చేసి 2023లో అచ్చువేశారు. టీకా వల్ల ఆ ముప్పు పెరగలేదని, రెండు డోసులు వేసుకున్నవాళ్లలో ఇంకా తగ్గిందని తేలింది. ముప్పు పెంచినవి వేరే: అంతకుముందు కరోనాతో ఆస్పత్రిలో చేరి ఉండటం, ఇంట్లో అట్లా హఠాత్తుగా పోయినవాళ్లు ఉండటం, చనిపోయే ముందు రెండు రోజుల్లో విపరీతంగా తాగడం, ఆ రెండు రోజుల్లోనే భారీ శ్రమ చేయడం. 2025 జూలైలో కర్ణాటకలో ఇదే గొడవ లేచినప్పుడు కేంద్రం మళ్లీ ఈ మాటే చెప్పింది. ఇంగ్లిష్‌లో చెప్పారు, ఢిల్లీలో చెప్పారు. మా ఊళ్లో చావుకాడ కూర్చున్న నలుగురికి ఎవరు చెప్పాలి? నేను చెబితే జిరాక్స్ షాపోని మాట.

దీని నష్టం ఎక్కడ పడుతోందో చూడండి. సూది మీద తోసేస్తే బీపీ చూపించుకునే పని ఉండదు. మా పక్క వీధిలో ముప్పై ఎనిమిదేళ్లాయనకు తల తిరుగుతుంటే "ఆ సూది మహిమ, ఏం చేస్తం" అని ఇంట్లోనే కూర్చున్నాడు, ఆశ అక్క బలవంతంగా చూపిస్తే బీపీ పై అంకె 180 ఉంది. ఇప్పుడు గోలీలు వాడుతున్నాడు, బాగున్నాడు. బుధవారం, శనివారం చిన్నపిల్లలకు సూదులు వేసే రోజుల్లో కూడా ఈ మధ్య ఒకరిద్దరు తల్లులు "మళ్ల ఏం ఎక్కిస్తర్రో" అని వెనకాడుతున్నారని ఆ అక్కే చెప్పింది. పోలియోను తరిమిన ఊళ్లివి. నాకు అన్నిటికన్నా భయం వేసింది ఆ మాట విన్నప్పుడే.

ముసలివాళ్ల సంగతి ఇంకా అన్యాయం. మా పెద్దమ్మకు డెబ్బై రెండు, షుగర్ ఉంది, కిడ్నీ కూడా కొంత దెబ్బతింది. "నేనింక ఏసుకోవాల్నా బిడ్డా, వద్దా?" అని ప్రతి చలికాలం అడుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది, వయసు మళ్లినవాళ్లకు, ఇట్లాంటి జబ్బులున్నవాళ్లకు మళ్లీ డోసు వేయడం మంచిదని, ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లకు, పిల్లలకు అంత అవసరం లేదని. కానీ మా దగ్గర అడిగితే ఇప్పుడు అసలు లేదంటారు, ఇంకొకరు అక్కర్లేదంటారు, మరొకరు "అది పోయింది కదా" అంటారు. లేకపోవడం వేరు, అక్కర్లేకపోవడం వేరు. ఏది నిజమో డెబ్బై రెండేళ్ల మనిషికి ముఖం మీద చెప్పే మనిషి ఒకరు కావాలి.

నేనడిగేది పెద్దదేం కాదు. కొత్త స్కీమ్ వద్దు, కొత్త యాప్ అసలే వద్దు, ఓటీపీలతో నా వేళ్లు అరిగాయి. గ్రామసభ ఎట్లాగూ పెడతారు, ఒక గ్రామసభకు మెడికల్ ఆఫీసర్ గారు వచ్చి రెండు గంటలు కూర్చోవాలి. మైకులో ఉపన్యాసం కాదు, కుర్చీ వేసుకుని కూర్చోవాలి, జనం ఏం అడిగినా, తిట్టినా, వినాలి. అబద్ధపు మెసేజ్‌ల గురించి అడిగితే "అవును, అక్కడక్కడ అట్లా జరిగింది" అని ఒప్పుకోవాలి. ఆ ఒక్క మాట ఒప్పుకుంటే మిగతా తొంభై మాటలు నమ్ముతారు మావాళ్లు, నాకు తెలుసు వాళ్ల సంగతి. తండాలకు పోతే లంబాడీ మాట్లాడే ఆశ అక్కను పక్కన కూర్చోబెట్టుకోవాలి. నడివయసు మనిషి హఠాత్తుగా పోయిన ఇంటికి, దినాలు అయ్యాకైనా, ఏఎన్‌ఎం గానీ డాక్టర్ గానీ పోయి, కాగితాలు చూసి, ఎందుకు పోయి ఉంటాడో ఆ ఇంటివాళ్లకు చెప్పాలి, ఆ ఇంట్లో మిగిలినవాళ్ల బీపీ అక్కడే చూడాలి. మా వదిన ఇంటికి ఇప్పటిదాకా ఎవరూ పోలేదు. ఆమె తమ్ముడికి ముప్పై ఆరు, వాడూ ఆటోనే నడుపుతాడు, వాడూ రెండు కట్టలే.

ఇంకొకటి, నా నోట్‌బుక్. మూడు వందల పైచిలుకు పేర్లు, ఏ సూది, ఏ తారీఖు, నిజంగా వేసుకున్నారా ఉత్త మెసేజా, అన్నీ పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. కోవిన్‌లో ఉన్నదానికి, దీనికి కొన్నిచోట్ల పొంతన కుదరదు. ఆరోగ్య శాఖ నుంచి ఎవరైనా వస్తే పక్కన కూర్చుని ఒక్కో పేరూ చదివి చెబుతాను. షాపు పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా తెరిచే ఉంటుంది, కరెంటు పోతే వెనకాల ఇంట్లో ఉంటాను, పిలిస్తే పలుకుతాను.

ఇట్లు,
జిరాక్స్ షాపు నడుపుకునే ఒక పాఠకుడు,
మర్రిగూడ మండలం, నల్గొండ జిల్లా.